బ్యాంకు కుర్చీ నుంచి కొండవాగు దాకా: ఫ్లై రాడ్ కథ

సెలవులకి ఊరెళ్తే మా తాతయ్య ఇప్పటికీ సాయంత్రం పూట చెరువు గట్టుకి బయల్దేరతాడు. చేతిలో వెదురు కర్ర, దానికి దారం, దారానికి బెండు, చివర కొక్కెం, కొక్కేనికి వానపాము. గాలం నీళ్ళలో వేసి కూర్చోవడమే పని. బెండు మునిగితే లాగాలి, మునగకపోతే బీడీ కాల్చుకోవాలి. చిన్నప్పుడు నేనూ పక్కన కూర్చుని, పది నిమిషాలకే విసుగొచ్చి లేచిపోయేవాణ్ణి. చేపలు పట్టడమంటే కూర్చోవడమే అని నా బుర్రలో అలా ముద్ర పడిపోయింది.

ఈ సంచికకి జీవితకథ రాయమని క్లబ్ వాళ్ళు అడిగినప్పుడు సైంటిస్టులూ ఇంజినీర్లే గుర్తొచ్చారు. వాళ్ళ గురించి మన పత్రికలో ఇప్పటికే చాలా వచ్చింది. అందుకని ఈసారి గాలం పట్టుకున్న ఒక మనిషి గురించి రాస్తున్నాను. ఆవిడ కూర్చుని పట్టే రకం కాదు. మోకాలి లోతు చన్నీళ్ళలో నిలబడి, ఈకలతో చేసిన దొంగ పురుగుతో చేపని మోసం చేసే రకం. పేరు కార్నీలియా క్రాస్బీ. ఊరూ పేరూ ఉన్న ఆ మనిషిని అమెరికాలో జనం మాత్రం ఫ్లై రాడ్ అనే పిలిచేవాళ్ళు. చేపలు పట్టే కర్ర పేరే మనిషి పేరైపోయింది.

క్షయ ఉన్న ఇల్లు

అమెరికా మ్యాపులో ఈశాన్యం మూల చూడండి. కెనడాలోకి చొచ్చుకుపోయినట్టుండే రాష్ట్రం మెయిన్. పేరు మెయిన్ గానీ అప్పట్లో అది మెయిన్ రోడ్డు మీద ఉన్న చోటేమీ కాదు. అడవులు, సరస్సులు, కర్ర కొట్టే కూలీలు, ఆరు నెలల మంచు. దాని పడమటి కొండల్లో శాండీ నది ఒడ్డున ఫిలిప్స్ అని ఒక చిన్న ఊరు ఉంది. 1854 నవంబర్ 10న కార్నీలియా అక్కడ పుట్టింది.

ఊహ తెలిసేలోపే తండ్రి పోయాడు. కారణం క్షయ. ఆ రోజుల్లో టీబీ అంటే మందు లేని జబ్బు. దానికి కారణమైన క్రిమిని రాబర్ట్ కాక్ కనిపెట్టింది 1882లో. దాన్ని చంపే మందు స్ట్రెప్టోమైసిన్ బయటపడింది 1943లో. మధ్యలో అరవై ఏళ్ళు. ఆ అరవై ఏళ్ళూ డాక్టర్ల దగ్గర ఉన్న సలహా ఒక్కటే: మంచి గాలి పీల్చు, మంచి తిండి తిను, దేవుడి మీద భారం వెయ్యి. కార్నీలియా పెరిగింది ఆ భయం నీడలోనే. మనిషి మాత్రం ఆరడుగుల ఎత్తు. ఎత్తు ఉంది గానీ ఒంట్లో సత్తువ లేదు.

చదువుకుంది. ఊళ్ళో బ్యాంకులో గుమాస్తాగా చేరింది. ఒక పల్లెటూరి ఆడపిల్లకి, అదీ 1870ల్లో, బ్యాంకు ఉద్యోగం అంటే మాటలు కాదు. ఇవాళ మనకి క్యాంపస్ సెలెక్షన్ వస్తే ఇంట్లో ఎంత సంబరమో, అప్పుడు వాళ్ళింట్లోనూ దాదాపు అంతే ఉండి ఉంటుంది. నెల జీతం, గౌరవం, చలికాలంలో వెచ్చటి గది. కానీ తలుపులు బిగించిన ఆ గదిలో పొద్దంతా లెక్కలు రాస్తూ కూర్చున్నకొద్దీ ఆమె ఆరోగ్యం దిగజారింది. చివరికి డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఈ కుర్చీ వదిలి బయటికి వెళ్ళాలి, ఆరుబయట బతకాలి, అదే మందు.

చెప్పడం తేలిక. అమ్మ తప్ప వెనక ఆస్తి లేదు, భర్త లేడు. ఆవిడ జీవితాంతం పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగం మానేస్తే అన్నం ఎవరు పెడతారు? మానకపోతే ఊపిరితిత్తులు ఏమవుతాయి? ఈ రెండు ప్రశ్నల మధ్య ఇరుక్కున్న ఇరవై ఏళ్ళు దాటిన అమ్మాయిని ఒక్క నిమిషం ఊహించుకోండి.

రేంజిలీ సరస్సులు

ఫిలిప్స్‌కి వాయవ్యంగా కొండలెక్కితే రేంజిలీ సరస్సులు వస్తాయి. వాటిని కలిపే ఏళ్ళు, వాటిల్లోకి దూకే కొండవాగులు. ఆ నీళ్ళలో ఉండే చేప బ్రూక్ ట్రౌట్. ఆకుపచ్చ వీపు మీద పాము కుబుసంలా గీతలు, పక్కన నీలం వలయాల మధ్య ఎర్ర చుక్కలు, రెక్కల అంచున తెల్లటి గీత. మామూలుగా వాగుల్లో ఇది జానెడే ఉంటుంది. రేంజిలీలో మాత్రం ఐదారు పౌండ్లు తూగేది. 1860ల్లో ఒక న్యూయార్క్ ఆసామి అలాంటి పెద్ద చేపల్ని తన ఊరికి తీసుకెళ్ళి చూపిస్తే చాలామంది మొదట నమ్మలేదట. నమ్మాక మాత్రం పట్నం డబ్బంతా రేంజిలీ వైపు తిరిగింది. క్లబ్బులు వచ్చాయి, హోటళ్ళు వచ్చాయి, అడవిలో కర్రగుడిసెల క్యాంపులు వచ్చాయి.

రైలు కూడా వచ్చింది. మన సివిల్, మెకానికల్ వాళ్ళకి ఇది నచ్చుతుంది. శాండీ రివర్ రైల్‌రోడ్ రెండడుగుల గేజి. డార్జిలింగ్ టాయ్ ట్రెయిన్ పట్టాల మధ్య ఎంత వెడల్పో అంతే. 1879లో ఫిలిప్స్ దాకా వచ్చింది, 1891కల్లా ఇంకో కంపెనీ పట్టాలు రేంజిలీని చేరాయి. ఇరుకు పట్టాలైతే కొండ మలుపుల్లో తవ్వకం తక్కువ, వంతెనల ఖర్చు తక్కువ. కర్ర దుంగలు దించడానికి వేసిన ఆ రైలే పైకి పట్నం జనాన్ని మోసుకొచ్చింది.

డాక్టరు మాట విని కార్నీలియా వెళ్ళింది అక్కడికే. ఊరికే గాలి పీల్చుతూ కూర్చునే స్తోమత లేదు కాబట్టి హోటళ్ళలో పని చూసుకుంది. ఖాళీ దొరికితే గైడ్ల వెంట పడేది. గైడ్లంటే అడవిని చదివిన స్థానికులు. ఏ మడుగులో చేప ఉంటుందో, ఏ గాలికి వాన వస్తుందో వాళ్ళకి తెలుసు. పడవ నడపడం, నిప్పు రాజెయ్యడం, గాలం విసరడం, తుపాకి పట్టడం అన్నీ వాళ్ళ దగ్గరే నేర్చుకుంది. ఫీజు కట్టి నేర్చుకున్న చదువు కాదది. వెనక నడిచి, చూసి, తప్పులు చేసి నేర్చుకున్నది. విచిత్రం ఏంటంటే నెలలు గడిచేకొద్దీ ఒంట్లో బలం వచ్చింది.

ఐదు ఔన్సుల కర్ర

1886లో ఒక స్నేహితుడు ఆమెకో కానుక ఇచ్చాడు. వెదురుతో చేసిన ఫ్లై రాడ్, బరువు ఐదు ఔన్సులు, అంటే సుమారు 140 గ్రాములు. మన చేతిలో ఫోన్ దీనికన్నా బరువు.

ఇది మా తాతయ్య వెదురు కర్ర లాంటిది కాదు. వెదురుని నిలువునా సన్నటి బద్దలుగా చీల్చి, ఒక్కో బద్దనీ త్రికోణంగా చెక్కి, ఆరింటిని జిగురుతో అతికిస్తే షట్కోణం కర్ర తయారవుతుంది. గట్టి నార ఉండే పైపొర అంతా బయటికి వస్తుంది, మెత్తటి గుజ్జు చాలావరకు పోతుంది. వంగినప్పుడు ఒత్తిడి ఎక్కువగా పడేది బయటి పొర మీదే అని స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో చదువుకున్నాం కదా. ఆ చాప్టర్ పేరు తెలియని వడ్రంగులు దాన్ని చేతులతో కనుక్కున్నారు. ఇంకో సంగతి. ఆ కాలంలో అమెరికాలో ఈ కర్రలకి ఎక్కువగా వాడింది కలకత్తా కేన్ అనే వెదురు. మన రేవు నుంచి ఓడెక్కి వెళ్ళిన వెదురు మెయిన్ వాగుల దాకా చేరిందన్నమాట.

ఫ్లై ఫిషింగ్ అంటే ఏంటో ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. మామూలు గాలంలో కొక్కెం దగ్గరి బరువు దారాన్ని లాక్కుని ముందుకు వెళ్తుంది. రాయికి దారం కట్టి విసిరినట్టు. ఫ్లైకి బరువే ఉండదు. కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు, పట్టుదారం చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు అది. దాన్ని విసిరితే రెండడుగుల్లో పడిపోతుంది. అందుకని ఇక్కడ బరువు దారంలోనే ఉంటుంది. అప్పట్లో నూనె పట్టించిన పట్టుదారం వాడేవారు. కర్రని వెనక్కి ఆడిస్తే దారం గాల్లో లేచి వెనక బారుగా సాగుతుంది. అలా సాగే వరకు ఆగాలి. అప్పుడు దాని బరువుకి కర్ర విల్లులా వంగుతుంది. ముందుకి ఆడించి టక్కున ఆపితే, కర్రలో దాచుకున్న శక్తి దారంలోకి వెళ్ళి, దారం చుట్ట విప్పుకుంటూ ముందుకు పోతుంది. చివరన పురుగు నీటి మీద నెమ్మదిగా వాలుతుంది.

కొత్తగా నేర్చుకునే వాళ్ళు చేసే మొదటి తప్పు ఆగకపోవడం. వెనక్కి వెళ్ళిన దారం పూర్తిగా సాగకముందే తొందరపడి ముందుకి లాగేస్తారు. దారం కొరడాలా చప్పుడు చేసి, పురుగు తెగిపోయి వెనక చెట్టుకి తగులుకుంటుంది. రెండో తప్పు బలం వాడటం. కర్ర చెయ్యాల్సిన పని చెయ్యి చేస్తే దారం కుప్పగా పడుతుంది. మూడో తప్పు చేపకి మనం కనపడటం. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురు తిరిగి, రాయి చాటున నీళ్ళ జోరు తక్కువున్న చోట నిలబడి, పైనుంచి కొట్టుకొచ్చే పురుగుల కోసం కాచుకుంటుంది. మన నీడ దాని మీద పడిందా, ఆ మడుగులో ఇక గంటసేపు ఏమీ దొరకదు.

ఇంకో విషయం, ఈ చేప చల్లటి నీళ్ళలోనే బతుకుతుంది. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే దానికి కష్టం. నీళ్ళు వేడెక్కేకొద్దీ కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుందని ఫస్టియర్ కెమిస్ట్రీలో చదివాం. అందుకే గోదావరిలో, కృష్ణలో ట్రౌట్ ఉండదు. మన దేశంలో కశ్మీర్, హిమాచల్ వాగుల్లోనూ, ఊటీ పైన కొండల్లోనూ ఉన్న ట్రౌట్లు బ్రిటిష్ వాళ్ళ హయాంలో బయటినుంచి తెచ్చి వదిలినవే.

ఆ ఐదు ఔన్సుల కర్ర చేతికొచ్చాక కార్నీలియా ఆగలేదు. ఒకే రోజు 200 ట్రౌట్లు పట్టిందని పేరు తెచ్చుకుంది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

కలం పట్టిన గాలం

చేపల ముచ్చట ఒకటి రాసి ఫిలిప్స్ ఊరి వారపత్రిక ఫొనోగ్రాఫ్‌కి పంపింది. సంపాదకుడు చదివి తెగ ముచ్చటపడి వెంటనే ఇంకా పంపమన్నాడు. ఫ్లై రాడ్ అనే పేరు అలా అచ్చులోకి ఎక్కింది. తర్వాత ఫ్లై రాడ్స్ నోట్‌బుక్ అనే శీర్షిక మొదలై, న్యూయార్క్, బోస్టన్, చికాగో పత్రికల్లో కూడా వచ్చేది.

ఏం రాసేది? ఫలానా సరస్సులో మంచు ఎప్పుడు కరిగింది, ఏ క్యాంపులో ఎవరు దిగారు, ఎవరికి ఎన్ని పౌండ్ల చేప తగిలింది, ఏ గైడు బాగా వంట చేస్తాడు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే ట్రావెల్ వ్లాగ్. పట్నంలో బొగ్గుపొగ మింగుతూ ఆఫీసుల్లో కూర్చున్న వాళ్ళు అది చదివి టికెట్ కొనేవాళ్ళు. ముఖ్యంగా ఆడవాళ్ళు. తమలాంటి ఒక మనిషి అడవిలో ఒంటరిగా చేపలు పడుతోందంటే మనమూ వెళ్ళొచ్చేమో అన్న ఆలోచన వాళ్ళకి వచ్చింది. మెయిన్ సెంట్రల్ రైల్‌రోడ్ కంపెనీ ఈ సంగతి పసిగట్టి ఆవిణ్ణి ప్రచారానికి పెట్టుకుంది.

1890ల మధ్యలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వేటగాళ్ళ, జాలర్ల ప్రదర్శన మొదలైంది. మెయిన్ తరఫున స్టాల్ పెట్టింది కార్నీలియా. పోస్టర్లు అంటించి ఊరుకోలేదు. నిజం కర్రగుడిసెని హాల్లో నిలబెట్టింది. తొట్టెల్లో బతికున్న ట్రౌట్లు, సాల్మన్లు ఈదుతుంటే, గుడిసె ముందు తుపాకి పట్టుకుని తనే నిలబడింది. ఒంటి మీద తోలు స్కర్టు, అది చీలమండలు దాటి పైకే ఉంది. నేల ఊడ్చే గౌన్లు తప్ప మరొకటి చూడని ఊరికి అది పెద్ద వార్త. చేపల్ని చూడ్డానికి కొందరు వచ్చారు, స్కర్టుని చూడ్డానికి కొందరు వచ్చారు. వచ్చిన వాళ్ళందరికీ ఆవిడ మెయిన్ గురించే చెప్పి పంపింది. నిజానికి పొడుగు గౌను వేసుకుని వాగులో దిగితే తడిసి బరువెక్కి మనిషిని ముంచేస్తుంది. అవసరానికి కుట్టించుకున్న బట్టలవి. తుపాకి గురిలో జగమెరిగిన యానీ ఓక్లీ కూడా ఆవిడకి స్నేహితురాలే.

ఒకటో నంబర్

కొత్తవాళ్ళు అడవికి రావడం మొదలయ్యాక గైడ్లకి పని పెరిగింది. గైడు రోజు ఎలా ఉంటుందో చూడండి. తెల్లవారకముందే లేచి నిప్పు రాజేసి కాఫీ కాచాలి. పట్నం దొరని లేపాలి. రేంజిలీ పడవలో ఎక్కించి తనే తెడ్లు వెయ్యాలి. ఏ ఫ్లై కట్టాలో చూసి ముడి వెయ్యాలి. దొర విసిరిన గాలం చెట్టుకి తగులుకుంటే చెట్టెక్కాలి, తన టోపీకి తగులుకుంటే నవ్వి ఊరుకోవాలి. చేప పడితే వలలో అందుకోవాలి, మధ్యాహ్నం ఒడ్డున ఉప్పు పంది కొవ్వులో వేయించి పెట్టాలి. చేప పడకపోతే దొర మనసు పాడవకుండా కథలు చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, దారి తెలియని మనిషిని ప్రాణాలతో వెనక్కి తీసుకురావాలి.

దొంగ గైడ్లు కూడా తయారయ్యారు. అడవి తెలియకపోయినా డబ్బు కోసం ముందు నడిచేవాళ్ళు, వేట నిబంధనల్ని గాలికొదిలేసి దొర ఎన్ని చంపుతానంటే అన్నీ చంపనిచ్చేవాళ్ళు. గైడ్లకి లైసెన్సు ఉండాలి, లెక్క ఉండాలి అని అడిగిన వాళ్ళలో కార్నీలియా ముందుంది. కొందరు గైడ్లకి ఇది నచ్చలేదు. పుట్టి పెరిగిన అడవిలో నడవడానికి సర్కారు చీటీ ఏంటని వాళ్ళ బాధ. అదీ న్యాయమే కదా.

1897 మార్చి 19న మెయిన్ శాసనసభ చట్టం చేసింది. ఇకపై గైడ్లందరూ రాష్ట్రం దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. మొదటి ఏడాది 1,316 మంది చేసుకున్నారు. వాళ్ళలో ఒకటో నంబర్ లైసెన్సు కార్నీలియా క్రాస్బీది. అడవి పనిలో ఒకటో నంబర్ ఓటు హక్కు కూడా లేని ఒక ఆడమనిషికి దక్కింది. అమెరికాలో దేశమంతటా ఆడవాళ్ళకి ఓటు వచ్చింది 1920లో. అంటే ఇంకా 23 ఏళ్ళ తర్వాత.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఒకటో నంబర్ లైసెన్సు అంటే మొదటి గైడ్ అని కాదు. ఆ అడవిలో దారి చూపించిన మొదటివాళ్ళు అక్కడి ఆదివాసులు, పెనాబ్‌స్కాట్ లాంటి తెగల వాళ్ళు. వాల్డెన్ రాసిన థోరో 1857లో మెయిన్ అడవుల్లో తిరిగినప్పుడు ముందు నడిచింది జో పోలిస్ అనే పెనాబ్‌స్కాట్ మనిషే. కార్నీలియాకి నేర్పిన గైడ్ల విద్యలో చాలా భాగం ఆ తెగల నుంచి వచ్చిందే. సర్కారు రిజిస్టరు మొదలవడానికి ఎన్నో తరాల ముందే ఆ విద్య మొదలైంది.

జారిన కాలు

సరిగ్గా అన్నీ కుదిరిన సమయంలో కాలు జారింది. 1890ల చివర్లో రైలు దగ్గర పడిపోయి మోకాలు దెబ్బతింది. ఆపరేషన్లు, ఆసుపత్రి మంచం, చేతికర్ర. కొండలెక్కి, వాగులో రాళ్ళ మీద నిలబడి చేసే పనికి మోకాలే ఆధారం. అది పోతే మిగిలేదేంటి?

చావు భయంతో మొదలైన మనిషి. ఉద్యోగం వదులుకుని ఆరోగ్యం తెచ్చుకుంది, దాంతో పేరు తెచ్చుకుంది. నలభై ఐదేళ్ళకి ఒంటిని మళ్ళీ పోగొట్టుకుంది. నేను ఆవిడ కథ చదువుతూ ఆగిపోయింది ఇక్కడే. మొదటిసారి డాక్టరు మాట విని బయటికి వెళ్ళింది. ఈసారి బయటే దూరమైపోయింది.

ఆవిడ రాయడం మానలేదు. తను నడవలేని దారుల గురించి, నడిచే వాళ్ళ కోసం రాసింది. ఒడ్డున కూర్చునైనా, పడవలో కూర్చునైనా గాలం వేసింది. ఒకప్పుడు కాళ్ళతో చేసిన గైడు పనిని కలంతో చేసింది.

200 చేపల లెక్క

ఇప్పుడు ఆ అంకె దగ్గరికి వద్దాం. ఒక్కరోజులో 200 చేపలు. అప్పట్లో అది గొప్ప. ఇవాళ చదివితే గుండె కలుక్కుమంటుంది. మెయిన్‌లో చట్టబద్ధంగా వేటాడిన చివరి కారిబూ మగ జింక కూడా ఆవిడ తుపాకికే పడిందని చెప్తారు. ఆ తర్వాత కారిబూ వేట నిషేధించారు, అయినా అవి ఆ రాష్ట్రంలో మిగల్లేదు.

రేంజిలీలో ఇంకో కథ జరిగింది. అక్కడి ట్రౌట్ అంత పెద్దగా పెరగడానికి ఒక కారణం బ్లూబ్యాక్ అనే చిన్న చేప. పెద్ద ట్రౌట్లకి అదే తిండి. పట్నం దొరలకి ఇంకా సరదా ఉండాలని 1870ల్లో ఆ సరస్సుల్లోకి బయటి సాల్మన్లని వదిలారు. అవి కూడా బ్లూబ్యాక్‌ల మీద పడ్డాయి. గుడ్లు పెట్టడానికి వాగుల్లోకి వచ్చిన బ్లూబ్యాక్‌లని జనం గంపలకొద్దీ ఎత్తుకెళ్ళారు. 1900 దాటిన కొద్ది ఏళ్ళకే రేంజిలీ సరస్సుల్లో బ్లూబ్యాక్ మాయమైపోయింది. మెయిన్‌లో వేరే కొన్ని చెరువుల్లో మాత్రమే మిగిలింది. ఎవరో ఒకరి పాపం కాదిది. సరదాగా వచ్చిన ప్రతి మనిషీ కొంచెం కొంచెం తీసుకెళ్ళాడు. ఆ మనుషుల్ని రమ్మని పిలిచిన గొంతుల్లో అందరికన్నా పెద్దది కార్నీలియాది.

ఆవిడకి ఇది అర్థం కాలేదని అనుకోను. పట్టే చేపలకి, వేటాడే జంతువులకి పరిమితి ఉండాలని, లైసెన్సులు ఉండాలని, చట్టాన్ని గట్టిగా అమలు చెయ్యాలని శీర్షికలో మాట్లాడింది. గైడ్ల రిజిస్ట్రేషన్ కోసం తపించడానికీ ఇదొక కారణం. లెక్కలు రాసే గైడు ఉంటే అడవికి కాపలా ఉన్నట్టే. 200 పట్టిన చెయ్యే ఇన్ని చాలు అని రాసింది. మనిషి మారొచ్చు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆలస్యమైందా అంటే, బ్లూబ్యాక్‌ల విషయంలో అయిందనే చెప్పాలి.

చివరి లెక్క

క్షయ భయంతో ముప్పై దాటుతుందా అనుకున్న మనిషి 92 ఏళ్ళు బతికింది. 1946 నవంబర్ 11న, పుట్టినరోజు మర్నాడు, లూయిస్టన్ ఊళ్ళో కన్నుమూసింది. అప్పటికి స్ట్రెప్టోమైసిన్ వచ్చి మూడేళ్ళు. మందు కన్నా ముందే జబ్బుని దాటేసింది. ఫిలిప్స్ పక్కనే ఉన్న స్ట్రాంగ్ అనే ఊళ్ళో ఆవిణ్ణి పూడ్చిపెట్టారు. రెండడుగుల రైలు అంతకు పదకొండేళ్ళ ముందే, 1935లో, మూతపడింది.

ఆవిడ దారిలో ఇంకొందరు నడిచారు. అదే రేంజిలీ ప్రాంతంలో క్యారీ స్టీవెన్స్ అనే ఆవిడ 1924 జులై 1న, తను కొత్తగా కట్టిన ఫ్లైతో 6 పౌండ్ల 13 ఔన్సుల బ్రూక్ ట్రౌట్ పట్టింది. ఆవిడ కట్టిన గ్రే గోస్ట్ ఫ్లై ఇవాళ్టికీ ప్రపంచమంతా వాడతారు. మెయిన్‌లో గైడు కావాలంటే ఇప్పటికీ పరీక్ష రాయాలి, బోర్డు ముందు కూర్చుని జవాబులు చెప్పాలి, మ్యాపూ దిక్సూచీ చూడటం వచ్చి ఉండాలి. రేంజిలీ పక్క ఓక్వోసాక్ ఊళ్ళో ఉన్న మ్యూజియంలో ఆవిడ గురించి చూపిస్తారు. ఆ కొండల్లో ఒక నడకదారికి ఆవిడ పేరు పెట్టారు.

ఇదంతా చదివి ఎవరైనా ప్లేస్‌మెంట్ వదిలేసి హిమాలయాలకి టికెట్ బుక్ చేసుకుంటే ఆ పాపం నాది కాదు. కార్నీలియా సరదా కోసం ఉద్యోగం మానలేదు, ప్రాణం కోసం మానింది. మానాక కూడా హోటల్లో పనిచేసింది, రాసింది, స్టాల్ పెట్టింది, రైలు కంపెనీకి ప్రచారం చేసింది. పని లేకుండా ఒక్క రోజూ లేదు. మార్చుకున్నది పనిచేసే చోటు మాత్రమే. మన హాస్టల్లో కిటికీలు మూసి, లైట్ వేసుకుని, మూడు రోజులు సూర్యుణ్ణి చూడకుండా అసైన్‌మెంట్లు చేసే బ్యాచ్ ఒకటుంది. నేనూ అందులో వాణ్ణే. ఆవిడ డాక్టరు మాట మనకి కూడా కొంచెం వర్తిస్తుందేమో ఆలోచించండి.

ఎప్పుడైనా హిమాచల్ వైపు వెళ్తే తీర్థన్ లోయలో ట్రౌట్ వాగులున్నాయి. ఫిషరీస్ శాఖ లైసెన్సు తీసుకోవాలి. చలికాలంలో చేపలు గుడ్లు పెట్టే నెలల్లో పట్టకూడదు. కొత్తవాళ్ళకి నేర్పే స్థానిక గైడ్లు దొరుకుతారు. వాళ్ళు మొదట చెప్పేది కూడా అదే ఉంటుంది: వెనక్కి వెళ్ళిన దారం పూర్తిగా సాగే వరకు ఆగు, ఆ తర్వాతే ముందుకి. పట్టింది చిన్న చేపైతే చెయ్యి తడుపుకుని నెమ్మదిగా వదిలెయ్యండి.

నేను మాత్రం ఈ సంక్రాంతికి తాతయ్య పక్కన చెరువు గట్టు మీద పది నిమిషాల కన్నా ఎక్కువసేపు కూర్చోవాలనుకుంటున్నాను.